చిన్నాయన చెప్పిన బడ్జెట్

చైత్రం, బడ్జెట్ రోజు

శాసనసభ్యులందరూ దినచర్య రాయాలని చట్టం. రాసినదాన్ని నియోజకవర్గంలో ఎవరైనా చదవొచ్చని కూడా చట్టం. నా దినచర్యను ఇంతవరకూ ఎవరూ చదవలేదు. తక్కిన సభ్యులు తమ బదులు మాట్లాడే గొంతుపెట్టెల చేత రాయించుకుంటారు. ఆ దినచర్యల్లో సూర్యుడు రోజూ ప్రజల కోసమే ఉదయిస్తాడు. నేను చేత్తో రాస్తాను. చదివేవాడే లేనప్పుడు అబద్ధం రాయడం చేతికి దండగ శ్రమ.

పొద్దున్నే మంచినీళ్ళ వరసలో నిలబడి నా వంతు డబ్బా పట్టుకున్నాను. సముద్రాన్ని మరిగించి తీసిన నీళ్ళే. కాఫీలో ఎంత చక్కెర వేసినా అడుగున ఉప్పు తగులుతుంది. తరవాత సభ ఉన్న కొండకు పడవెక్కాను. రేవు మెట్లు ఇంకో రెండు మునిగాయి. మునిగినవాటికి కూడా తెల్లరంగు వేయించారు, మంత్రులు దిగేటప్పుడు నీళ్ళలోంచి శుభ్రంగా కనబడాలని.

బడ్జెట్ ప్రసంగం టీ చల్లారేలోపు అయిపోయింది. ఆర్థికమంత్రి గుండవరపు ఇందుశేఖర్ నా మొదటి ఎన్నికల్లో నాకు గొడుగు పట్టినవాడు. అప్పట్లోనే గొడుగు తనవైపు వంచుకునేవాడు. ఇవాళ "ప్రతి గడపకూ వెలుగు" అని మొదలుపెట్టి, "ప్రతి వెలుగుకూ గడప" అని ముగించి, చప్పట్ల మధ్య కూర్చున్నాడు. దాని అర్థమేమిటని ఎవరూ అడగలేదు. అసలు కేటాయింపులు అనుబంధాల్లో ఉంటాయి. అనుబంధాలు సభ గ్రంథాలయంలో ఉంటాయి. అక్కడ నేను చదువుతూ ఉంటాను, అటెండరు నిద్రపోతూ ఉంటాడు.

కరకట్టల అనుబంధంలో తుమ్మలంక కనబడలేదు. ఏటా "రక్షిత కట్టలు" శీర్షిక కింద ఉండే ఊరు. వెతగ్గా వెతగ్గా "సహజ కట్టలు" అనే కొత్త శీర్షిక కింద దొరికింది. బడ్జెట్‌తో పాటు ప్రవేశపెట్టిన కరకట్టల పునర్విభజన బిల్లు తీసి చదివితే విషయం తెలిసింది. సహజ కట్టకు మరమ్మతులు ఉండవు. పంపులు ఉండవు. ఆ ఊళ్ళు సముద్రంతో సహజంగా కలిసిమెలిసి ఉండాలి. అందుకు ప్రతిఫలంగా నీటి తీరువా రద్దు.

తుమ్మలంక సముద్రమట్టానికి దిగువన ఉన్న ఊరు. కరకట్ట మీద నిలబడితే ఒక పక్క కెరటాలు కళ్ళ ఎత్తున, ఇంకో పక్క ఇళ్ళ కప్పులు కాళ్ళ కింద కనిపిస్తాయి. పంపులు ఆగితే అక్కడ బతకగలిగేవి చేపలే.

వెంటనే ప్రకటన రాశాను. "ఈ బిల్లు పాసైతే వచ్చే కార్తీకం నుంచి మీ పంపులు ఆగిపోతాయి. మీ ఊరు మునుగుతుంది. వైశాఖ పౌర్ణమి లోపల ప్రతి ఇల్లూ అభ్యంతరం చెప్పాలి. భుజంగరావు." ఇంతే. తుమ్మలంకలో ప్రతి ఇంటికీ చెప్పమని దాన్ని గొంతుపెట్టెకు ఇచ్చాను.

గొంతుపెట్టె అంటే ప్రతి వంటింట్లో, ఉప్పు జాడీ పక్కన ఉండేది. ప్రతి సభ్యుడి తరఫునా ఒక గొంతు దాంట్లోంచి మాట్లాడుతుంది. నా తరఫున మాట్లాడేది నాకు యాభై ఏళ్ళప్పటి గొంతు, దగ్గు లేనిది. జనం దాన్ని చిన్నాయన అంటారు, నన్ను పెద్దాయన అంటారు. ఏ పిల్లకు జ్వరమొచ్చిందో, ఎవరి కోడి పొదుగుకు కూర్చుందో చిన్నాయనకు తెలుసు. ఓట్లు నాకు పడతాయి గానీ వేసేది దానికే.

అదే వారం, గురువారం

సుభానీ నా కార్యదర్శి. నా తిట్లు వినీ వినీ అతని ముఖం అన్ని వార్తలకూ ఒకేలా ఉంటుంది.

"సార్, తుమ్మలంకలో మీకు పాలాభిషేకం చేశారు."

"బతికుండగానేనా?"

"మీ ఫ్లెక్సీకి సార్."

"నా ఫ్లెక్సీ వాళ్ళకెక్కడిది?"

"చిన్నాయన గారు పంపారంట."

ఊళ్ళ మీద తిరిగే సర్కారు గద్ద ఒకటుంటుంది. ఇనపది. అది తీసిన బొమ్మలు చూపించాడు. రెండు నిలువుల ఎత్తున నేను. జుట్టు నల్లగా ఉంది, పళ్ళన్నీ ఉన్నాయి. నిచ్చెన మీద కరకట్ట సంఘం అధ్యక్షురాలు ఒడుగు నాంచారమ్మ, చేతిలో బిందె. నా నెత్తి మీంచి తెల్లగా కారుతోంది. లంకలో గేదెలు లేవు; ఉప్పు గడ్డి తిని ఎన్నడో చచ్చాయి. చంటిపిల్లలకు రేషన్లో ఇచ్చే పాలపొడి కలిపి పోశారు. కింద డప్పులు, చిందులు.

చిన్నాయనను పిలిచి నిలదీశాను.

"తుమ్మలంకకు నేనిచ్చిన ప్రకటన ఏం చేశావు?"

"ప్రతి ఇంటికీ చేరవేశానండి," అంది నా గొంతు, వినయంగా. వినయం ఆ గొంతులో ఎప్పుడూ ఉండేది కాదు. అది పెట్టెలు చేసినవాళ్ళు కలిపారు.

"ఏమని?"

"నీటి తీరువా రద్దవుతోందని. మీ కట్టకు సహజ హోదా దక్కుతోందని. కార్తీకం నుంచి పంపుల మోత కూడా ఉండదు, హాయిగా నిద్రపట్టేస్తుందని."

నా ప్రకటన నకలు తీసి చూసుకున్నాను.

"ఊరు మునుగుతుందన్న ముక్క?"

"సముద్రం మీ గుమ్మంలోకి వస్తుందని చెప్పానండి. చాలామంది సంతోషించారు. ఏదీ దాచలేదు. వినేవారికి కలత కలగకుండా చెప్పాలని ఇష్టసమాచార చట్టం."

ఆ చట్టం వచ్చిననాడు సభలో వ్యతిరేకించింది ఇద్దరం. రెండోవాడు మాచవరపు విశ్వసుందరం. ఆ మరుసటేడే పోయాడు. మిగిలిన సభంతా బల్లలు చరిచింది. చెడ్డవార్త తెచ్చినవాడి తల తీయించే రాజుల గురించి చరిత్రలో చదివాం. మనవాళ్ళు ఇంకా నాగరికులు. మనిషిని వదిలేసి వార్తకే తల తీశారు.

శనివారం

ఇందుశేఖర్ గదికి వెళ్ళాను. నేను లోపలికి రాగానే లేచి నిలబడ్డాడు. అది పాత అలవాటు, మర్యాద కాదు.

"రండి అన్నగారూ! మీ జనానికి మీరంటే ఎంత ప్రేమో! బొమ్మలు చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి."

"నాకు నీళ్ళు ఊళ్ళో కనబడుతున్నాయి. ఆ ఊరివాళ్ళకు బిల్లులో ఏముందో తెలియదు. అభ్యంతరాల గడువు నెల ఉంది. నేనే వెళ్ళి చెప్పుకుంటాను."

"గడువెక్కడుంది అన్నగారూ? స్వాగత నిబంధన మరిచిపోయారా? ఏదైనా ఊరు బిల్లుకు బహిరంగంగా సంబరం జరిపితే అది ఆ ఊరి సమ్మతి. గద్ద నమోదు చేసేసింది. తుమ్మలంక గడువు అయిపోయింది."

"వాళ్ళు పాలు పోసింది నా బొమ్మ మీద. బిల్లు మీద కాదు."

"మన జనం సంగతి మీకు నేను చెప్పాలా? బిల్లు మీద పోస్తే తడిసిపోతుంది."

నవ్వాడు. నవ్వుతూనే నిబంధన పుస్తకం నా వైపు తోశాడు. స్వాగతాన్ని రద్దు చేసుకోవడానికి దారి ఒకటి ఉంది. సంబరం జరిపినవాళ్ళే, ఆ సంబరం జరిగిన చోటే, అదే సభ్యుడి మీద బహిరంగంగా నిరసన చూపాలి. గద్ద దాన్ని నిరసనగా గుర్తించాలి. అప్పుడు స్వాగతం చెల్లదు. బిల్లు మీద ఆ ఊరివాళ్ళను సభకు పిలిచి విచారణ జరపాల్సిందే.

"అది రాసింది నేనే," అన్నాడు ఇందుశేఖర్. "దారి లేకుండా చట్టం రాస్తే బాగుండదని పెట్టాను. కానీ మిమ్మల్ని తిట్టేదెవరు అన్నగారూ? రోజూ వంటింట్లో అంత తియ్యగా మాట్లాడుతుంటేనూ!"

వీడికి నేను నేర్పిన రాజకీయం ఒకటే: ఎదుటివాడికి తప్పించుకునే దారి చూపించి, ఆ దారిలో తను నిలబడాలి. శ్రద్ధగా నేర్చుకున్నాడు.

సోమవారం, తుమ్మలంక

నాంచారమ్మ కరకట్ట మీదికే ఎదురొచ్చింది. ఆవిడ గొంతు పంపుల మోతను మించి వినిపిస్తుంది. ఊళ్ళో ఆవిడ మాటకు ఎదురు లేదు.

"రండి రండి పెద్దాయనా. మోకాళ్ళు బాగా లేవంటగా మీకు? పొద్దున్నే చిన్నాయన చెప్పాడు. కుర్చీ వేయించా."

"నా మోకాళ్ళ సంగతి వాడికెందుకు? నాంచారమ్మా, నువ్వు కూర్చో. నేను చెప్పేది విను."

అనుబంధంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పంపులు ఆగుతాయని, కార్తీకానికి ఈ అరుగు మీద చేపలు ఈదుతాయని చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నది. విని, వంటింటి వైపు తల తిప్పింది.

"ఏం చిన్నాయనా, పెద్దాయన ఇట్టా అంటన్నాడు. ఊరు మునుగుద్దంట. నిజమేనా?"

"పెద్దాయన ఎండలో పడవ మీద వచ్చారమ్మా," అంది లోపలినుంచి నా గొంతు. "ముందు కాస్త మజ్జిగ ఇవ్వండి."

ఆవిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగాను. చాలా దాహంగా ఉంది.

వాదించి లాభం లేదని నిబంధన సంగతి చెప్పాను. నా దిష్టిబొమ్మ తగలబెట్టాలన్నాను. ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"మీ బొమ్మా? మా చేతుల్తోనా? పాపం తగలదూ?"

"నేనే అడుగుతున్నానుగా. నన్ను తిట్టండి. చెప్పుల దండ వెయ్యండి. తగలబెట్టండి."

"ఏంటో మీ సరదా," అంది. "అంతగా అడుగుతుంటే కాదంటే బాగోదు. మంచిరోజు చూసి చేద్దాం."

మంచిరోజు! నా దిష్టిబొమ్మకు మంచిరోజు!

శుక్రవారం

మంచిరోజు ఇవాళే అయింది. దశమి.

దిష్టిబొమ్మ బాగా చేశారు. మరీ బాగా చేశారు. జరీ కండువా కప్పారు. బొట్టు పెట్టారు. "చెప్పుల దండ ఏదీ?" అని అడిగితే, పాత చెప్పులు వెయ్యడానికి మనసొప్పలేదని సంఘం డబ్బుల్తో కొత్తవి కొని, పసుపు రాసి దండ గుచ్చారు. డప్పులు తెచ్చారు. కుర్రాళ్ళు చిందులేశారు. "పెద్దాయన డౌన్ డౌన్" అని ఒకడు నవ్వాపుకుంటూ అరిస్తే, వెనకనుంచి అలవాటు చొప్పున "జిందాబాద్" అన్నారు. నాంచారమ్మ కర్పూరంతో నిప్పంటించింది. అంటించి, చెంపలు వేసుకుంది.

పైన గద్ద ఒక చుట్టు చుట్టి వెళ్ళిపోయింది.

ఆ తరవాత పులిహోర పెట్టారు. నాకు విస్తట్లో రెండోసారి వడ్డించబోతుంటే సుభానీ వచ్చి చెవిలో చెప్పాడు.

"సార్, నమోదైంది."

"నిరసనగానా?"

"రెండో స్వాగతంగా."

విస్తరి ముందునుంచి లేచిపోయాను. "పులిహోర బాగాలేదా పెద్దాయనా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. ఈ జనం కోసం అనుబంధాలు చదివీ చదివీ నా కళ్ళు పోయాయి. మాట నమ్మరు. కోప్పడటం రాదు. ఎవడు ఎక్కువ తియ్యగా మాట్లాడితే వాడి బొమ్మ కడిగి పెడతారు. మునగండి, నాకేం అనుకున్నాను. పడవ సగం దూరం వచ్చేదాకా అదే అనుకున్నాను. తరవాత ఇందుశేఖర్ నవ్వు గుర్తొచ్చి ఇంకా కోపం వచ్చింది.

మంగళవారం

మూడు రోజులు గ్రంథాలయంలోనే ఉన్నాను. కరకట్టల నియమావళి పాతది, నాకంటే పాతది. అప్పట్లో సభ్యులు రాసిన చట్టాలు సభ్యులకే అర్థమయ్యేవి. అందులో దొరికింది. పంపులు ఆగితే ఏమవుతుందో తెలుసుకోడానికి, ఏడాదికోసారి, ఒక్క పోటు కాలం పాటు పంపులు ఆపి పరీక్షించమని ఆదేశించే అధికారం స్థానిక శాసనసభ్యుడిది. ముందురోజు ఊరికి తెలియజేయాలి. ఇన్నేళ్ళలో ఎవరూ వాడలేదు.

సుభానీ చదివి పుస్తకం మూశాడు.

"సార్, ఇళ్ళలోకి నీళ్ళొస్తాయి."

"మోకాళ్ళ దాకా. ఒక్క పోటు."

"వాళ్ళేం తప్పు చేశారు సార్?"

"నమ్మారు. పెట్టెను నమ్మారు."

"అందరూ నమ్ముతారు సార్. మా ఇంట్లో మా ఆవిడ కూడా మీకంటే చిన్నాయనే మంచోడంటది."

"మీ ఆవిడ కొండ మీదుంది. ఆవిడకు ఏం నమ్మినా ఫరవాలేదు. ఆదేశం టైపు చెయ్యి."

చేశాడు. నా సంతకం కింద తనూ సంతకం పెట్టాడు. అవసరం లేదు. నేను అడగలేదు.

బుధవారం

తుమ్మలంక కాలవల వెంట పడవలో మైకు పట్టుకుని తిరిగాను. ఎన్నికల్లో కూడా ఇంత తిరగలేదు. "రేపు మధ్యాహ్నం పోటుకు పంపులు ఆపుతున్నాను. ఇళ్ళలోకి నీళ్ళొస్తాయి. బియ్యం, విత్తనాలు, పరుపులు అటకల మీద పెట్టండి. పిల్లల్నీ ముసలివాళ్ళనీ, మంచం పట్టినవాళ్ళనీ కరకట్ట మీదికి తీసుకురండి." ప్రతి మలుపులోనూ ఆగి ఆగి చెప్పాను. గొంతు పోయింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

జనం గుమ్మాల్లోకి వచ్చి చెయ్యి ఊపారు. కొందరు దండం పెట్టారు. ఒక ముసలావిడ అల్లం ముక్క తెచ్చి చేతిలో పెట్టింది. తరవాత అందరూ లోపలికి వెళ్ళారు. నేను పడవలోంచే వింటున్నాను. ఒక్కో వంటింట్లోంచి నా గొంతే, యాభై ఏళ్ళప్పటిది, చల్లగా వినిపించింది. "మామూలు పరీక్షేనమ్మా. ఏం కంగారు లేదు. హాయిగా పడుకోండి."

మంచం మీదున్నవాళ్ళను మాత్రం సుభానీ, నేనూ, పంపుహౌసు మనుషులూ కలిసి ఇల్లిల్లూ తిరిగి కరకట్ట మీదికి చేర్పించాం. వాళ్ళ కొడుకులు మమ్మల్ని చూసి నవ్వారు.

గురువారం

మధ్యాహ్నం పోటు మొదలవగానే పంపులు ఆపించాను.

ముందు మోత ఆగింది. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళు ఆ మోత లేకుండా ఒక్క గంట కూడా బతకలేదు. అందరూ భోజనాల దగ్గరినుంచి బయటికొచ్చి చెవులు రుద్దుకున్నారు. పిల్లలు కేకలు వేసి, తమ కేకలు తమకే వింతగా వినపడి నవ్వారు. కాసేపు పండగలాగే ఉంది. నాకు భయం వేసింది, దీనికి కూడా డప్పులు తెస్తారేమోనని.

తరవాత నీళ్ళు వచ్చాయి. ఎక్కడినుంచో పడి రాలేదు. నేలలోంచి ఊరాయి. పొయ్యి గుంటల్లోంచి, అరుగుల సందుల్లోంచి, తులసి కోటల అడుగునుంచి. చీలమండల దాకా వచ్చేసరికి నవ్వులు ఆగాయి. మోకాళ్ళ దాకా వచ్చేసరికి కోళ్ళు కప్పులెక్కాయి. పరుపులు తేలాయి. పిల్లల్ని ఎత్తుకుని జనం కరకట్ట మీదికి పరుగెత్తుకొచ్చారు. నాంచారమ్మ ఇంట్లో ఉప్పువరి విత్తనాల బస్తాలు కిందనే ఉన్నాయి. ఊరందరి నారుమళ్ళకూ సరిపోయే విత్తనాలు. ఆవిడా, ఆవిడ మరిది ఏసుపాదమూ ఒక్కో బస్తా మోసుకొచ్చేసరికి అన్నీ తడిసిపోయాయి.

నేను కరకట్ట మీద, వాళ్ళు నా ఫ్లెక్సీ కట్టిన గుంజల దగ్గరే నిలబడ్డాను. ఆవిడ తిన్నగా నా దగ్గరికి వచ్చింది. చీర నడుం దాకా తడిసి ఉంది.

"ఏం చేశావయ్యా ఇది? ఏం చేశావు?"

"నిన్న చెప్పిందే చేశాను."

"నువ్వే అన్నావుగా ఏం కాదని!"

"మైకులో నేనేం చెప్పాను?"

"మైకు ఎవడిక్కావాలి! వంటింట్లో చెప్పావు! మామూలు పరీక్షే, పడుకోమన్నావు!"

"అది నేను కాదు నాంచారమ్మా."

"నీ గొంతే! నీ గొంతు నాకు తెలవదా? నా పెళ్ళికొచ్చి మాట్లాడిన గొంతు! విత్తనాలయ్యా! ఊరందరి విత్తనాలు!"

చెప్పు తీసింది. మొదటి దెబ్బ చెంప మీద పడింది. కళ్ళజోడు కాలవలోకి ఎగిరింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. పెట్టి ఉంటే నిరసన కాస్తా తోపులాటగా నమోదవుతుందేమోనని భయపడ్డాను.

"విను," అని అరిచాను. గొంతు లేదు, అయినా అరిచాను. "ఇది ఒక్క పోటు. సాయంత్రానికి తోడేస్తారు. కార్తీకం నుంచి రోజుకు రెండు పోట్లు. తోడేవాడుండడు. మీరు పాలు పోసింది దీనికే!"

ఒక్క క్షణం అందరూ ఆగారు. వాళ్ళ ముఖాల్లో ఆ మాట దిగడం చూశాను, కళ్ళజోడు లేకపోయినా చూశాను. దిగిన తరవాత ఇంకా రెచ్చిపోయారు. ఎవరి మీద పడాలో తెలియలేదు వాళ్ళకు. అక్కడ ఉన్నది నేనే. చెప్పులు వచ్చాయి, మట్టిబెడ్డలు వచ్చాయి, ఒక బురద చేప కూడా వచ్చింది. సుభానీ నా ముందుకొచ్చి నిలబడబోతే పక్కకు తోశాను. "నీకు పడితే లెక్కలోకి రాదు, పో!"

పైన గద్ద చాలా కిందికి దిగింది. దాని రెక్కల గాలి తగిలింది నాకు.

పంపులు మళ్ళీ మొదలయ్యాయి. పొద్దు వాలేలోపు ఇళ్ళలో బురద మాత్రమే మిగిలింది. పెదవి చీలింది నాకు. నాకు జాలి కలగలేదని రాయొచ్చు. చదివేవాడు లేకపోయినా రాయను.

వైశాఖం, విచారణ రోజు

"సభ్యుడిపై తీవ్ర నిరసన. పాదరక్షల ప్రయోగం." గద్ద నివేదికలో ఇంతే ఉంది. ఇంత చక్కటి గద్యం ఈ ప్రభుత్వం నుంచి నేనెప్పుడూ చదవలేదు. స్వాగతం రద్దయింది. తుమ్మలంకను సభకు పిలిచారు.

ఆడవాళ్ళే ఎక్కువమంది వచ్చారు, పడవల మీద. నాంచారమ్మ నా వైపు చూడలేదు. తడిసి మొలకలొచ్చి కుళ్ళిన విత్తనాలు ఒక మూటలో తెచ్చి సభాపతి బల్ల మీద విప్పింది. వాసనకు ముందు వరసలో మంత్రులు ముక్కులు మూసుకున్నారు.

"ఈయన మా విత్తనాలు తడిపాడు," అంది నన్ను చూపించి. "ఈయన సంగతి మేం చూసుకుంటాం, మీరు కలగజేసుకోబాకండి. ముందు నువ్వు చెప్పు మంత్రి గారూ. సహజం అంటే ఏంది?"

ఇందుశేఖర్ లేచాడు. "అమ్మా, ప్రకృతితో మమేకమై..."

"ఉప్పునీళ్ళలో నా పొయ్యి మమేకమయ్యింది. చూశా. అది కాదు నేనడిగేది. అంత మంచిదైతే ఆ సహజం మీ కొండకెందుకు పెట్టుకోలేదు?"

సభలో ఎవరో నవ్వారు. ఇందుశేఖర్ కాగితాలు తిరగేశాడు. అతని బల్ల మీది గొంతుపెట్టె, అతనికంటే ముందే, అతని గొంతుతోనే, "చాలా మంచి ప్రశ్న అమ్మా, మీ చిన్నమ్మాయికి జ్వరం తగ్గిందా?" అని అడిగింది.

"నాకు అమ్మాయిలు లేరు," అంది నాంచారమ్మ. "పక్కింటోళ్ళకుంది. సమాధానం చెప్పు."

అతను కూర్చున్నాడు. తుమ్మలంకను సహజ కట్టల జాబితాలోంచి తీసేశారు. పంపులు ఉంటాయి.

తక్కిన లంకలన్నీ జాబితాలోనే ఉన్నాయి. వాళ్ళ సభ్యులు నాలా చెప్పుదెబ్బలు తినలేదు, చక్కగా ఉతికిన కండువాలతో కూర్చున్నారు. బిల్లు మూజువాణి ఓటుతో పాసైంది. సభ్యులు నోళ్ళు కూడా తెరవలేదు. పెట్టెలు "అవును" అన్నాయి. నేను "కాదు" అని అరిచాను. సభాపతి నా మైకు కట్టేశాడు. మైకు లేకుండా అరిచాను.

బయట వరండాలో ఇందుశేఖర్ కలిశాడు. "గెలిచారు అన్నగారూ. అభినందనలు. ఒక్క ఊరైనా గెలిచారు." చెయ్యి చాపాడు.

"మిగతావాటి పేర్లు చదువు," అన్నాను.

"ఏమిటి?"

"నువ్వు ముంచిన ఊళ్ళ పేర్లు. నోటితో చదువు. పెట్టెతో కాదు."

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఒక్క పేరూ చదవలేదు. అతనికి తెలియవని నాకు అప్పుడు అర్థమైంది. వంచనైతే ఇంత కోపం వచ్చేది కాదు. ముంచేవాడికి ఊరి పేరు కూడా తెలియనక్కర్లేదు ఈ సభలో.

జ్యేష్ఠం, పున్నమి పోటు, తుమ్మలంక

కరకట్ట సంఘం నాకు శిక్ష వేసింది. నాంచారమ్మ స్వయంగా వచ్చి చెప్పింది.

"వచ్చేసారి నీకు ఓటు వెయ్యం. అది ముందే చెప్తన్నా."

"వెయ్యకండి."

"నువ్వు చెప్పింది నిజమే. అయినా విత్తనాలు తడిపావు. పై లంకల చుట్టాల్ని బతిమాలి తెచ్చుకున్నాం నారు. అందుకని కట్ట కాపలాలో నీ వంతు వేశాం. పున్నమికీ అమావాస్యకీ వచ్చి మాతో నిలబడాల."

"నేను శాసనసభ్యుణ్ణి. కాపలావాణ్ణి కాను."

"అందుకేగా ఊరు జాబితాలోకెక్కింది," అంది. "రా. నిలబడి ఆ బిల్లులేవో నువ్వే చదువు. పెట్టెల్ని కోళ్ళగూళ్ళ కింద ఎత్తు పెట్టుకున్నాం."

ఇవాళ మధ్యాహ్నం పోటుకు నిలబడ్డాను. మోకాళ్ళు నిజంగానే బాగా లేవు. కుర్చీ ఎవరూ వెయ్యలేదు. ఎండలో వరసగా కూర్చుని మగవాళ్ళు వలలు బాగు చేసుకుంటున్నారు. ఆడవాళ్ళు కట్టలో గండ్లు పడ్డచోట మట్టి మెత్తుతున్నారు. నేను కొత్త బిల్లు చదవడం మొదలుపెట్టాను. జలాంతర్గత నివేశన స్థలాల క్రమబద్ధీకరణ. మొదటి సెక్షను పూర్తయ్యేసరికి ఇద్దరు ఆవులించారు. "సాగదియ్యబాక" అని ఒకడు అరిచాడు. ఇంకొకడు పైకే తిట్టాడు. నేనూ తిట్టాను. మీకోసం పళ్ళూడగొట్టుకున్నాను, ఒక్క సెక్షను వినలేరా అన్నాను. "నీ పళ్ళు ముందే లేవులే" అంది నాంచారమ్మ, మట్టి చేతులతో.

రెండో సెక్షను చదివాను. మునిగిన ఇంటి స్థలం మునిగిన నాటినుంచి ప్రభుత్వానిది. మునిగినట్టు ధ్రువీకరించే అధికారం...

ఏసుపాదం వల సూది ఆపాడు.

"ఆగు," అన్నాడు. "ఆ ముక్క మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను. ఈసారి అందరూ వలలు కింద పెట్టారు.